తీరిక వేళ: చింతచెట్టుకు నూట ఎనిమిది పోగులు

గత సంచికలో నమూనా రైలుమార్గానికి పట్టాలు పరచడం గురించి నేను వ్రాసిన రెండు పేజీలను చదివిన మిత్రులొకరు, క్యాంటీనులో ఎదురుపడి, "అంతా బాగానే ఉంది గానీ గురువుగారూ, ఆ ఫొటోలో ఒక్క చెట్టూ కనబడదేమిటి? అచ్చం మన స్టాక్‌యార్డులాగా ఉంది" అన్నారు. పక్కనున్నవారు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట మనసులో నిలిచిపోయింది. పట్టాలకూ, ఇంజనుకూ, విద్యుత్ సామగ్రికీ అయిన ఖర్చు ఎంతో ఇంట్లో ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు. ఈ పత్రిక క్వార్టరుకు కూడా వస్తుంది కనుక ఇక్కడా చెప్పను. చెట్ల వంతు వచ్చేసరికి చేతిలో పైకం మిగలలేదన్నదే అసలు సంగతి.

నిజానికి ఒకసారి చెట్లు కొన్నాను. జర్మనీలో తయారైనవి, ఒక డబ్బాలో పాతిక. బంధువుల అబ్బాయి అక్కడి నుండి వస్తూ తెచ్చి ఇచ్చాడు. పచ్చగా, నిటారుగా, ఒకే తీరున ఉన్నాయి. ఆదివారమంతా కూర్చుని స్టేషను చుట్టూ నాటి, మా అమ్మను పిలిచి చూపించాను. అమ్మకు ఎనభై రెండేళ్ళు. కళ్ళజోడు సవరించుకుని వంగి చూసి, "ఇది ఏ ఊరురా? నాన్నగారు ఇక్కడెప్పుడు పనిచేశారు?" అని అడిగింది.

ఈ శీర్షికను కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట చెప్పాలి. నేను నిర్మిస్తున్న నమూనా కల్పిత స్టేషనుది కాదు. గుంటూరు, గుంతకల్లుల నడుమ ఒకప్పటి మీటరు గేజి మార్గంలో, వినుకొండ దాటిన తరువాత వచ్చే ఒక చిన్న స్టేషనులో మా నాన్నగారు 1970ల చివర స్టేషను మాస్టరుగా పనిచేశారు. నా బాల్యం కొంత అక్కడే గడిచింది. 1992లో రైల్వేవారు దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న విధానం చేపట్టిన తరువాత, ఆ దశాబ్దంలోనే ఆ మార్గం బ్రాడ్ గేజిగా మారింది. పాత భవనం పోయింది. ప్లాట్‌ఫారం చివర, ఇంజన్లు నీళ్ళు పట్టుకునే స్తంభం దగ్గర ఉండిన చింతచెట్టు కూడా పోయింది. మిగిలింది ఒకే ఒక ఫొటో. అందులో నాన్నగారు తెల్లని యూనిఫారంలో నిలబడి ఉంటారు. వెనుక స్టేషను గోడ, ఆ పైన చింతచెట్టు కుడి సగం కనబడతాయి. ఎడమ సగం ఫొటో అంచుకు అవతల ఉండిపోయింది.

భవనాన్ని కిటికీ చువ్వలతో సహా కొలత ప్రకారం చేశాను. అమ్మ దాన్ని గుర్తుపట్టలేదంటే తప్పు భవనంలో లేదు. ఫర్ చెట్ల మధ్య నిలబెడితే ఏ స్టేషనైనా ఆల్ప్స్ పర్వతాల స్టేషనే అవుతుంది. ఐరోపా కంపెనీలవారు తమ కొండల్లో పెరిగే చెట్లనే తయారు చేస్తారు, అందులో వారి తప్పేమీ లేదు. చింత, వేప, తుమ్మ, కానుగ, తాడి కావలసినవాళ్ళం మనమే చేసుకోవాలి. అందువలన ఈ వ్యాసం రెండు విధాల అవసరమైనది: పైకం లేక కొంత, దుకాణంలో మన చెట్టు దొరకక కొంత.

ముందుగా కొలత. నేను అనుసరిస్తున్నది హెచ్.ఓ. అనే 1:87 నిష్పత్తి. ఒక మీటరు వెడల్పు గల అసలు మార్గం ఇందులో పదకొండున్నర మిల్లీమీటర్లు అవుతుంది కనుక 12 మి.మీ. పట్టా సరిపోతుందని గతంలో వ్రాశాను. అదే లెక్క చెట్టుకు వేసి చూడండి. ఫొటోలో స్టేషను భవనం ఎత్తును 4 మీటర్లుగా తీసుకుంటే చింతచెట్టు దానికి నాలుగున్నర రెట్లు ఉంది, అనగా 18 మీటర్లు. 87తో భాగిస్తే 207 మిల్లీమీటర్లు. జానెడు చెట్టన్నమాట! డబ్బాలో వచ్చిన చెట్లు 10 సెంటీమీటర్లు మాత్రమే. అవి తొమ్మిది మీటర్ల లోపు చెట్లు, మన ఊళ్ళలో పెరటి మునగచెట్టంత. నమూనాలు చేసేవారిలో చాలామంది, నాతో సహా, చెట్లను చిన్నవిగా చేసి పొరబడతాము. పెట్టె ఎత్తుకు నాలుగైదు రెట్లున్న చెట్టును బల్లమీద నిలబెట్టడానికి చేయి రాదు. కానీ చెట్టు కింద రైలు చిన్నదిగా కనబడితేనే అది నిజమైన రైలులా ఉంటుంది. అన్ని చెట్లనూ అంత ఎత్తున చేయనవసరం లేదు. పట్టాల దగ్గర ఒకటి రెండు నిండు కొలతతో, మిగిలినవి వెనుకకు పోయేకొద్దీ చిన్నవిగా ఉంటే చాలు.

ఇక తయారీ. కొమ్మల కోసం నేను ఎంచుకున్నది ఇంటి వైరింగులో వాడే రాగి తీగ. ఇక్కడ సహోద్యోగులకు ఒక మనవి: నేను చెబుతున్నది పాత సామాన్ల దుకాణంలో తూకానికి దొరికే ముక్కల గురించి. మన స్టోర్సు వెనుక పడి ఉన్న కేబులు ముక్కల గురించి కాదు. వాటికి గేటు పాసు కావాలి, కారణం కింద "చింతచెట్టు" అని వ్రాస్తే సెక్యూరిటీవారు ఒప్పుకోరు.

2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తని తీగలో సాధారణంగా 0.3 మి.మీ. పోగులు 36 ఉంటాయి. ముప్పై అయిదు సెంటీమీటర్ల ముక్కలు మూడు తీసుకుంటే నూట ఎనిమిది పోగులు. ఈ సంఖ్య విని మా అమ్మ సంతోషించింది. పైనున్న ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో చీల్చి తీయాలి. తొందర కోసం మంటలో పెట్టి కాల్చవద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. మూడు కట్టలనూ కలిపి, అడుగున నాలుగు సెంటీమీటర్లు వేళ్ళ కోసం, బల్లలో గుచ్చడం కోసం వదిలి, ఆ పైన నాలుగైదు సెంటీమీటర్ల మేర పటకారుతో గట్టిగా మెలి తిప్పాలి. అది మాను. చింతమాను పొట్టిది, లావుది, తొందరగా చీలిపోతుంది. కనుక అక్కడే పోగులను అయిదు పాయలుగా విడదీయాలి, సమానంగా కాకుండా ఒకటి ముప్పై, ఒకటి పదిహేను, ఆ విధంగా. ఒక్కొక్క పాయను రెండు మూడు సెంటీమీటర్లు మెలితిప్పి మళ్ళీ రెండు మూడుగా చీల్చాలి. చివరకు రెండేసి, మూడేసి పోగులు మిగిలేవరకు ఇలాగే సాగాలి. కొసలను ఒకే పొడవున కత్తిరించకూడదు.

ఈ పద్ధతిలో ఇంజనీరుకు నచ్చే విశేషం ఒకటుంది. కొమ్మలన్నింటి అడ్డుకోత వైశాల్యాలను కలిపితే మాను వైశాల్యానికి సమానమవుతుందని లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాలలో వ్రాసుకున్నాడు. ప్రకృతిలో అది సుమారుగా నిజం. తీగల చెట్టులో కచ్చితంగా నిజం, ఎందుకంటే కింద ఉన్న నూట ఎనిమిదే పైన పంచుకుంటున్నాయి. అందుచేతనే, చేసేవారికి బొమ్మ గీయడం రాకపోయినా, తీగల చెట్టు చెట్టులాగానే ఉంటుంది. ఒక చెట్టుకు నాకు మూడు సాయంత్రాలు పట్టింది. బొటనవేలు రెండు రోజులు నొప్పి పెట్టింది. ఇనుప తీగ చవక కదా అని కొందరు అడుగుతారు. నీళ్ళలో కలిపే జిగురు తగలగానే అది తుప్పు పట్టి, ఆకుల్లోనుంచి ఎర్రని మరకలు పైకి వస్తాయి. నాకు ఒక వేపచెట్టు ఆ విధంగానే పోయింది.

అయితే నూట ఎనిమిది పోగులను ఎంత బిగించినా మాను మందం మూడున్నర మిల్లీమీటర్లకు మించదు. మీటరుకు పైగా అడ్డుకొలత గల చింతమానుకు మా నిష్పత్తిలో పన్నెండు మిల్లీమీటర్లు కావాలి. ఆ లోటు ఎలా పూరించాలా అని కొబ్బరి పీచు, దూది, కాగితపు గుజ్జు వంటివన్నీ ప్రయత్నిస్తున్న సమయంలో మా శ్రీమతి వచ్చి చూసి, "మక్కు పెట్టండి" అంది.

ఆమెది కొండపల్లికి దగ్గరి ఊరు. కొండపల్లి బొమ్మల పనివారు తెల్ల పొణికి కర్రతో బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికి, సందులు పూడ్చి, నునుపు చేస్తారు. దానినే మక్కు అంటారు. ఆమె చెప్పిన ప్రకారం చింతపిక్కలు వేయించి, పై పొట్టు తీసి, పొడి కొట్టి, నీళ్ళలో ఉడికించి అంబలిలా చేశాము. అందులో సన్నగా జల్లించిన రంపపు పొట్టు కలిపితే చపాతీ పిండిలా వచ్చింది. మూడు పలుచని పూతలు, ఒక్కొక్కదానికి ఒక రోజు ఆరుదల. మూడవది పచ్చిగా ఉండగానే పాత పళ్ళ బ్రష్షుతో నిలువుగా గీస్తే చింతబెరడు నెర్రెలు అచ్చుగుద్దినట్లు పడ్డాయి. చింతపిక్కలతో చింతమాను చేశామన్న సంతోషం మాటల్లో చెప్పలేనిది. ఈ ముద్దకు బూజు, పురుగు పట్టే గుణం ఉంది కనుక, పుస్తకాలకు అట్టలు కట్టేవారు పిండి జిగురులో వేసినట్లే చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది విషపదార్థం. వంటపాత్రలు వాడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అంత శ్రమ వద్దనుకునేవారు తెల్ల ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి వాడవచ్చు, ఫలితం ఇంచుమించు అదే.

మక్కు విషయంలో ఓడిపోయిన తరువాత నేను ఇంకొక సంగతి గమనించాను. మన ఇళ్ళలో స్త్రీలు సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెడతారు. పళ్ళెంలో మెంతులు, ఆవాలు చల్లి మొలకెత్తించి పొలం చేస్తారు. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు అద్ది పచ్చిక బయలు చేస్తారు. అద్దం పెట్టి చుట్టూ ఇసుక పోసి చెరువంటారు. పాశ్చాత్య దేశాల నమూనా రైళ్ళవారు కూడా చాలాకాలం రంగు రంపపు పొట్టుతోనే నేలను పచ్చగా చేశారు. రంగు స్పాంజి పొడి అక్కడ 1970లలో విరివిగా వచ్చింది. వారు పుస్తకాలు వ్రాసి నేర్చుకున్న విద్యలో సగం మా ఇంట్లో హాలు మూలన ఏటా మూడు రోజులు జరుగుతూనే ఉంది. నేను అటువైపు చూడలేదు, అంతే.

ఆకుల సంగతికి వస్తాను. సోఫాలు కుట్టేవారి దగ్గర స్పాంజి ముక్కలు సంచి నిండా దాదాపు ఉచితంగా ఇస్తారు. వాటిని చిన్నవిగా తుంచి, ఆక్రిలిక్ రంగు కలిపిన నీళ్ళలో పిండి, ఆరబెట్టి, మిక్సీలో తిప్పితే పొడి అవుతుంది. దయచేసి పాత సామాన్లలో ఒక పాడుబడిన మిక్సీ కొనుక్కోండి. వంటింటి జారులో ఒక్కసారి వేసినా తరువాత వచ్చే చట్నీ విషయంలో మీ మాట ఎవరూ నమ్మరు. ఒకే ఆకుపచ్చ కాకుండా, పసుపు ఎక్కువగా ఒకటి, నలుపు చుక్క వేసి ఒకటి, మధ్యరకం ఒకటి, మూడు రంగులు చేయాలి. టీ వడకట్టే జల్లెడతో ముతక, సన్నం వేరు చేసుకోవాలి. చింతాకులో ఒక్కొక్క చిన్న ఆకు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు, మా నిష్పత్తిలో అది పిండి రేణువంత. కనుక చింతకు అన్నిటికన్నా సన్నని పొడినే వాడాలి. మామిడికీ, పనసకూ ముతకపొడి బాగుంటుంది.

పొడిని నేరుగా తీగలకు అంటిస్తే చెట్టుకు గజ్జి పట్టినట్లుంటుంది. నడుమ ఒక వల కావాలి. దిండులో కూరే పాలిస్టర్ దూదిని గోధుమ రంగులో ముంచి ఆరబెట్టి, వెనుక నుండి వెలుతురు కనబడేంత పలుచగా సాగదీసి, కొమ్మల చివర్లకు చిన్న చిన్న గుబురులుగా తొడగాలి. దానిపై జిగురు చల్లి పొడి రాల్చాలి. జిగురంటే ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్ళు నీళ్ళు. అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్క లేకపోతే నీటి తలతన్యత వలన జిగురు ముత్యాల్లా నిలబడి జారిపోతుంది, ఉంటే లోపలికి ఇంకుతుంది. గుబురుల మధ్య ఆకాశం కనబడేలా ఖాళీలు వదలాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎంతో పట్టుదలగా ఉంటాను. పిట్ట ఎగిరి అటునుంచి ఇటు రాలేనంత దట్టంగా ఉన్నది చెట్టులా ఉండదు, కాలీఫ్లవరులా ఉంటుంది.

రంగుల కోసం పసుపు, కుంకుమ వాడవద్దు. వెలుతురుకు పసుపు ఎన్నాళ్ళో నిలవదు. స్పాంజి కూడా రంగు పూత లేకుండా వదిలితే కాలక్రమంలో పచ్చబడి పొడిపొడిగా రాలిపోతుంది. ఎండ తగలని గోడ దగ్గర బల్ల వేసుకోవడం మేలు. ఉత్తర ఐరోపాలో దొరికే ఒక జాతి లైకెన్‌ను గ్లిజరిన్‌లో నానబెట్టి అక్కడివారు పొదలుగా వాడతారని చదివి, మన మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే కదా అని వంద గ్రాములు తెచ్చాను. అది బల్లపరుపుగా అప్పడంలా ఉంటుంది, పొదకు పనికిరాదు. గది మాత్రం నెలరోజులు బిరియానీ వాసన వేసింది.

నా అతి పెద్ద నష్టం గురించి చెప్పకపోతే ఈ శీర్షికకు అన్యాయం చేసినవాడనవుతాను. దూరపు చెట్లన్నింటికీ తీగలు మెలితిప్పే ఓపిక లేక, సహజమైన పుల్లలు వాడదామనుకున్నాను. ఎండిన తులసి కొమ్మలు అద్భుతంగా ఉంటాయి గానీ, అమ్మ ఒప్పుకోలేదు. క్వార్టర్ల చుట్టూ ఉన్న గోరింట కంచెను కత్తిరించిన రోజున కొమ్మలు ఏరుకొచ్చాను. గోరింట కొసలు సన్నగా, గట్టిగా, చెట్టు ఆకారంలోనే చీలి ఉంటాయి. వారం రోజులు ఎండబెట్టి నలభై చెట్లు చేసి నాటాను. వానాకాలం రాగానే ఒక్కొక్క చెట్టు మొదట్లో పసుపుపచ్చని పిండి కుప్ప కనబడసాగింది. స్పాంజి రాలుతోందనుకున్నాను. అది పుచ్చుపురుగు తొలిచిన పొడి. రెండు నెలల్లో నలభైకి నలభై తీసి పారవేయవలసి వచ్చింది. వెదురు తడికెలు అల్లేవాళ్ళు బొంగులను చెరువులో ఎందుకు నానవేస్తారో అప్పుడు గుర్తుకు వచ్చింది. కర్రలోని పిండి పదార్థమే పురుగుకు ఆహారం. నీళ్ళలో ఊరితే అది చాలావరకు కరిగిపోతుంది. ఇప్పుడు పుల్లలను బకెట్టులో రెండు వారాలు ఉంచుతాను. రెండు రోజులకొకసారి నీళ్ళు మారుస్తాను, లేకపోతే ఇంట్లో నన్ను మారుస్తారు. తరువాత ఎర్రటి ఎండలో ఆరబెట్టి, పలుచని ఫెవికాల్ నీటిలో ఒకసారి ముంచి తీస్తాను. ఈ పద్ధతిలో చేసినవి రెండు వానాకాలాలు దాటాయి.

తాడిచెట్టు చాలా సులభం, పిల్లలు కూడా చేయగలరు. ఇరవై సెంటీమీటర్ల వెదురు పుల్లను పైకి పోయేకొద్దీ కాస్త సన్నగా గీకి, కుట్టుదారం వరుసగా చుట్టి జిగురు పూస్తే తాటిమానుకుండే వలయాలు వస్తాయి. వాడేసిన ఖాకీ కవరు నుండి పదిహేను మిల్లీమీటర్ల బిళ్ళలు కత్తిరించి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచులు చీల్చి, ముప్పై దాకా తలపై అతికించాలి. కింది వరుస ఎండినట్లు గోధుమ రంగులో వేలాడాలి. కొబ్బరిచెట్టుకు మన బాల్కనీల్లో పావురాలు ఉదారంగా వదిలే ఈకలు ఉన్నాయి. మంచి సబ్బునీటిలో కడిగి, నడిమి ఈనెకు రెండు వైపులా ఏటవాలుగా కత్తిరిస్తే కొబ్బరిమట్ట సిద్ధం. మర్రి ఊడలకు గోనెసంచి నార. తుమ్మకు ఉతికి చిక్కు తీసిన నేతి బీరకాయ పీచు.

వెనుక వరుసల విషయంలో అమెరికాలోని మాంటెరేలో జాన్ అలెన్ చేసిన నమూనా మార్గం నాకు పాఠమైంది. వెనుకకు పోయేకొద్దీ వస్తువుల కొలతను తగ్గించి, చిన్న గదిలో మైళ్ళ దూరం చూపించాడాయన. 1973 జనవరిలో ఆయన మరణించిన కొన్ని రోజులకే ఆ నమూనా అగ్నికి ఆహుతైంది, ఫొటోలే మిగిలాయి. నేను కూడా గోడ దగ్గర చెట్లను నాలుగైదు సెంటీమీటర్లకే పరిమితం చేసి, ఆకుపచ్చలో కొంచెం నీలం, తెలుపు కలిపాను. మూడడుగుల వెడల్పు బల్లమీద కొండ దూరం జరిగినట్లు కనబడుతోంది.

చింతచెట్టు పూర్తయిన రోజున మళ్ళీ అమ్మను పిలిచాను. ఈసారి కుర్చీ వేసుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మన చింతచెట్టే" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "కానీ ఈ వైపు ఇంత గుబురు ఉండేది కాదురా" అంటూ ఎడమ సగం మీద వేలు పెట్టింది.

ఫొటోలో లేని సగం అది. కుడి సగాన్ని చూసి, అద్దంలో తిప్పినట్లు ఎడమవైపు చేశాను. సౌష్ఠవం అనే దానిపై నాకున్న నమ్మకం అటువంటిది. అమ్మ చెప్పింది: ఆ వైపున పట్టాలు. వై.పి. ఇంజన్లు నీళ్ళ కోసం సరిగ్గా ఆ కొమ్మల కిందనే ఆగేవి. పావుగంటసేపు వేడి, పొగ కొట్టేవి. ఆ కొమ్మలు ఎప్పుడూ సగం మాడి, చిగురించి, మళ్ళీ మాడేవి. అన్నిటికన్నా కిందిది బండి మీదికి వాలుతోందని గ్యాంగువాళ్ళు నరికేశారు. ఆ మోడుకే నాన్నగారు రాత్రి డ్యూటీలో లాంతరు తగిలించేవారు. "నువ్వు చిన్నవాడివి, పడుకునేవాడివి. నేను వంటింటి కిటికీలోంచి ఆ దీపం చూసుకుని పడుకునేదాన్ని."

ముప్పై ఏళ్ళుగా యంత్రాలతో పనిచేస్తున్నాను. వేడి ఎక్కడ తగిలితే అక్కడ రూపం మారుతుందని శిక్షణకు వచ్చే కుర్రవాళ్ళకు ఏటా చెబుతాను. బాయిలరు పక్కన నలభై ఏళ్ళు నిలబడిన చెట్టు రెండు వైపులా ఒకేలా ఉంటుందని ఎలా అనుకున్నానో తెలియదు.

మూడు వారాల పని. కత్తెర పట్టడానికి చేయి రాలేదు. మరునాటి సాయంత్రం ఎడమ పాయలో ఇరవై పోగులను ఒక్కొక్కటిగా కత్తిరించాను. మక్కు అక్కడక్కడ పెచ్చులు లేచింది, మా శ్రీమతి మళ్ళీ కలిపి ఇచ్చింది. మిగిలిన కొమ్మల మీద దూది తీసివేసి, కొసలకు బూడిదరంగు, కొంచెం నలుపు వేసి, లేత చిగురు రంగు పొడి అక్కడక్కడ మాత్రమే చల్లాను. కింది కొమ్మను ఒక సెంటీమీటరు వదిలి నరికి, కొసను పచ్చి కర్ర రంగుకు బదులు పాత మోడులా నల్లగా చేశాను. దానికి వేలాడే లాంతరు మూడు మిల్లీమీటర్ల పసుపు ఎల్.ఇ.డి. దాని తీగలు రెండూ మాను లోపలి నుంచే కిందికి దిగుతాయి. చెట్టు ఇప్పుడు ఒకవైపు ఒరిగినట్లు, అందవికారంగా ఉంది. చూడవచ్చిన మిత్రులొకరు, "ఈ వైపు రాలిపోయినట్లుంది, సరిచేయరాదూ" అన్నారు.

అమ్మ మాత్రం రాత్రి గదిలో లైటు ఆర్పించి, ఆ దీపం వెలిగించమంది. మరునాడు ఇంకొక లోపం చెప్పింది. చెట్టు కింద కుడివైపున వేసవిలో తాను పెట్టించే మంచినీళ్ళ కుండ లేదట. నలభై సెంటీమీటర్ల కుండ మా నిష్పత్తిలో నాలుగున్నర మిల్లీమీటర్లు. దుకాణాలన్నీ తిరగనక్కరలేదు, వంటింట్లో మిరియాల డబ్బా ఉంది. గుండ్రని గింజ ఏరి, పైభాగం ఆకురాయితో గీకి, మెడకు దారం చుట్టి, ఎర్రమట్టి రంగు వేయాలి. మూతకు ఏం వాడాలో ఇంకా ఆలోచిస్తున్నాము. పాఠకులెవరికైనా తోస్తే సంపాదకుల ద్వారా తెలియజేయగలరు.